హైబ్రిడ్ కారు: రైతు వేసికొనవలసిన అసలు లెక్క



ఎడ్ల అంగడికి పోయిన రైతు వెల యొక్కటే యడిగి ఎద్దును తోలుకొని రాడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. ఈ ఎద్దు ఎన్నేండ్లు కాడి మోయును, ఎంత మేత మేయును, వయసు మళ్ళిన పిదప దీనికి ఏమి వచ్చును అని మనసులోనే లెక్క కట్టుకొనును. అంత తెలివిగల రైతే కారు దుకాణమునకు పోయినప్పుడు మాత్రము ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొనుచున్నాడు: "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును?"

ఆ ప్రశ్నకు హైబ్రిడ్ కారు ఇచ్చునంత మంచి జవాబు మఱి యే పెట్రోలు కారును ఇయ్యదు. అందుచేతనే దానిని గూర్చి మన గ్రామములలో సయితము మాట వినబడుచున్నది. అయితే ఆ జవాబు మొత్తము లెక్కలో నొక పద్దు మాత్రమే. మిగిలిన పద్దులను వరుసగా సభ్యుల ముందుంచుటకే ఈ వ్యాసము వ్రాయబడినది.

కారు అవసరమా, విలాసమా?

2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడెను. కలెక్టరు కచేరి దగ్గరైనది. అయినను పెద్ద వైద్యమునకు వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి, మిర్చి, పత్తి అమ్ముకొనుటకు ఏనుమాముల మార్కెట్టుకు, పిల్లల పై చదువులకు హనుమకొండకు పోవుట తప్పలేదు. మూడు జిల్లా కేంద్రములనుండియు వరంగల్లు ఇంచుమించు 55 మొదలు 70 కిలోమీటర్ల దూరములో నున్నది. జనగామకును మహబూబాబాదుకును రైలు గలదు. భూపాలపల్లివారికి రోడ్డే దిక్కు.

కాబట్టి రైతునకు కారు విలాసవస్తువని కొట్టివేయుట న్యాయము కాదు. నడిరేయి నొప్పులు పడుచున్న కోడలిని, గుండె పట్టుకొని కూలబడిన తండ్రిని తీసికొని పోవలసి వచ్చినవానికి దాని విలువ తెలియును. కారు కొనవలెనా వద్దా యనుట ఎవరి యింటివారు వారు తేల్చుకొనవలసిన సంగతి. కొనదలచినవారు ఎట్టిది కొనవలెను, ఎట్టి సొమ్ముతో కొనవలెను అనునదే యిక్కడి విచారము.

హైబ్రిడ్ అనగా నేమి?

హైబ్రిడ్ అను మాట మనకు క్రొత్తది కాదు. హైబ్రిడ్ మిర్చి, హైబ్రిడ్ మొక్కజొన్న మనము వేయుచునే యున్నాము. రెండు జాతుల గుణములను ఒక విత్తనములో కలిపినట్లు, పెట్రోలు ఇంజనును కరెంటు మోటారును ఒక బండిలో కలిపినది హైబ్రిడ్ కారు. కారు మెల్లగా కదలునప్పుడు మోటారు లాగును. వేగము హెచ్చినప్పుడు ఇంజను అందుకొనును. బలము కావలసినప్పుడు రెండును కలిసి లాగును. మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు నడకలోని శక్తి వేడిగా మారి వృథా యగును. హైబ్రిడ్ కారులో ఆ సమయమున మోటారే జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగమును బ్యాటరీలోనికి మరల్చును. దీనికి గోడ ప్లగ్గుతో చార్జింగు అక్కరలేదు, పెట్రోలు పోసికొనుటయే.

ఈ యూహ నేటిది కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షే యను ఇంజనీరు ఇంజనును కరెంటు మోటార్లను కలిపి బండి నడిపెను. 1997లో జపానులో టయోటావారు ప్రియస్ కారును విడుదల చేసిన పిమ్మటనే ఇది జనసామాన్యములోనికి వచ్చినది. మన దేశమున 2008లో హోండావారు సివిక్ హైబ్రిడ్‌ను అమ్మజూచిరి గాని వెల హెచ్చగుటచే అది నిలువలేదు. 2022లో హోండా సిటీ హైబ్రిడ్, టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వరుసగా వచ్చినవి.

ఇచ్చట నొక హెచ్చరిక. దుకాణములో రెండు రకములను హైబ్రిడ్ అనియే పిలుచుచున్నారు. మైల్డ్ హైబ్రిడ్ అనునది ఇంజనుకు కొంచెము చేయూత నిచ్చు చిన్న యేర్పాటు. అది మోటారుతో మాత్రమే నడువజాలదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అనునదే మనము పైన చెప్పుకొన్నది. గ్రాండ్ విటారా ఒక్కదానిలోనే రెండును గలవు. పరీక్షాశాలలో మైల్డ్ రకము, చేతి గేర్లది, లీటరుకు 21.11 కిలోమీటర్లును, స్ట్రాంగ్ రకము 27.97 కిలోమీటర్లును ఇచ్చినట్లు ప్రకటింపబడెను. కొనువారు బండి వెనుక అంటించిన పేరు చూచి మోసపోక, ఏ రకమో కాగితముమీద వ్రాయించుకొనవలెను.

పెట్రోలు పద్దు

పరీక్షాశాల అంకెలు మన రోడ్లమీద రావు. అక్కడ గుంటలు లేవు, ఏసీ లేదు, నలుగురు మనుషులు, రెండు మూటలు లేవు. అంతేకాక 2025లో మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు లక్ష్యము నెఱవేరినది. చెఱకునుండియు, మొక్కజొన్ననుండియు, నూకలనుండియు తీయు ఆ ఇథనాలు రైతునకు మేలు చేయునదే యైనను, లీటరుకు పెట్రోలుకంటె తక్కువ వేడి నిచ్చును గనుక మైలేజి కొంత తగ్గును. కాబట్టి మన లెక్కకు మామూలు పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇచ్చునని పెట్టుకొందము.

2024 మార్చిలో ధర తగ్గించిన పిదప హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయల చిల్లర యయ్యెను. 107 రూపాయల చొప్పున వేసినచో మామూలు కారునకు కిలోమీటరుకు 7 రూపాయల 13 పైసలు, హైబ్రిడ్‌కు 4 రూపాయల 86 పైసలు పడును. తేడా 2 రూపాయల 27 పైసలు. హైబ్రిడ్ కారు మనకు సంపాదించి పెట్టునది కిలోమీటరుకు ఈ 2 రూపాయల 27 పైసలే. మిగిలిన లెక్క యంతయు దీనిమీదనే నిలిచియున్నది.

అదనపు వెల పద్దు

అదే పరిమాణముగల మామూలు కారుకంటె స్ట్రాంగ్ హైబ్రిడ్, పన్నులతో సహా రోడ్డుమీదికి వచ్చుసరికి, 2,50,000 రూపాయలు హెచ్చని పెట్టుకొందము. దుకాణమునుబట్టి, రకమునుబట్టి ఈ అంకె మారును. సభ్యులు తమ కాగితములోని అంకెను దీని స్థానమున వేసికొనవలెను.

ఈ అదనపు సొమ్మును 9 శాతము వడ్డీకి అయిదేండ్ల వాయిదాలపై అప్పు తెచ్చినచో నెలకు సుమారు 5,190 రూపాయల చొప్పున మొత్తము 3,11,000 రూపాయలు కట్టవలసి వచ్చును. అనగా వడ్డీయే 61,000. హెచ్చు వెలగల బండికి బీమా కూడ హెచ్చగును. 2022 జూన్ 1 నుండి హైబ్రిడ్ బండ్లకు థర్డ్ పార్టీ బీమాలో 7.5 శాతము తగ్గింపు ఇచ్చిరి. వెయ్యి మొదలు పదిహేనువందల సీసీల కారునకు ఆ బీమా 3,416 రూపాయలు గనుక ఆ తగ్గింపు ఏడాదికి 256 రూపాయలు మాత్రమే. బండి విలువమీద పడు సొంత నష్టపు బీమా అంతకంటె చాల హెచ్చు పెరుగును. ఆ రెండింటిని సరిచూచి ఏడాదికి సరాసరి 3,000 రూపాయల చొప్పున ఎనిమిదేండ్లకు 24,000 పెట్టుకొందము.

అప్పు తెచ్చిన రైతునకు హైబ్రిడ్ కొఱకు ఎనిమిదేండ్లలో పడు అదనపు ఖర్చు 3,35,000 రూపాయలు. దీనిని 2 రూపాయల 27 పైసలచే భాగించినచో ఇంచుమించు 1,47,600 కిలోమీటర్లు వచ్చును. ఏడాదికి 18,400, అనగా సెలవు లేకుండ ప్రతిదినము 50 కిలోమీటర్లు. అంత తిరిగిన నాటికి మాత్రమే వెల తిరిగి వచ్చును. లాభము ఆ పైన మొదలగును. అప్పు లేక చేతిసొమ్ముతోనే కొన్నవానికి వడ్డీ పోగా అదనపు ఖర్చు 2,74,000. వానికి రోజుకు 41 కిలోమీటర్లు చాలును.

ముగ్గురు రైతుల లెక్క

ముగ్గురు రైతులను ఊహించుకొందము. ముగ్గురును అప్పు తెచ్చియే హైబ్రిడ్ కొన్నారనుకొందము.

మొదటివాడు తొఱ్ఱూరు దగ్గరి మిర్చి రైతు. వారమునకు రెండుసార్లు పట్టణమునకు, నెలకొకసారి వరంగల్లుకు, పెండ్లిళ్ళకు, పండుగలకు. ఏడాదికి 6,000 కిలోమీటర్లు. ఎనిమిదేండ్లలో పెట్రోలుమీద మిగుల్చుకొన్నది 1,08,960. అదనముగా పెట్టినది 3,35,000. నష్టము 2,26,040 రూపాయలు.

రెండవవాడు జనగామ పక్క వరి, పత్తి రైతు. కొడుకు హైదరాబాదులో చదువుచున్నాడు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు. మిగులు 2,17,920. నష్టము 1,17,080.

మూడవవాడు భూపాలపల్లి దగ్గరివాడు. సేద్యముతోపాటు విత్తనములు, ఎరువుల వ్యాపారము గలవాడు; దినదినము ఊళ్ళు తిరుగును. ఏడాదికి 24,000 కిలోమీటర్లు. మిగులు 4,35,840. లాభము 1,00,840.

ఒకే బండి, ఒకే ధర, ఒకే మైలేజి. అయినను ఒకనికి నష్టము, ఒకనికి లాభము. హైబ్రిడ్ విత్తనముకూడ అంతే గదా! నీటి వసతిగల చెలకలో దాని వెల తిరిగి వచ్చును. వాన దేవుని నమ్మిన దుబ్బనేలలో విత్తనపు ఖర్చుకూడ రాదు. కారునకు నీరు దాని తిరుగుడే.

రెండవ రైతు విషయమున ఇంకొక సంగతి గలదు. బ్రేకులు వేయుచు, ఆగుచు కదలుచు పోవు పట్టణపు రోడ్లమీదనే హైబ్రిడ్‌కు ఎక్కువ మేలు. హైదరాబాదునుండి జనగామమీదుగా వరంగల్లుకు పోవు 163వ జాతీయ రహదారివంటి విశాలమైన బాటపై ఒకే వేగముతో సాగునప్పుడు మోటారునకు పని తక్కువ. అట్టి బాటపైననే ఎక్కువ తిరుగువానికి మామూలు కారు 17, హైబ్రిడ్ 21 ఇచ్చినదనుకొన్నచో తేడా కిలోమీటరుకు 1 రూపాయి 20 పైసలకు దిగును. అప్పుడు 3,35,000 తిరిగి రావలెనన్న 2,79,000 కిలోమీటర్లు తిరుగవలెను. అది ఎనిమిదేండ్లలో అగు పని కాదు.

పెట్రోలు ధర పెరిగిన నేమగునని కొందరడుగుదురు. లీటరు 120 రూపాయలైనను, మొదటి మైలేజి లెక్క ప్రకారము, రోజుకు 45 కిలోమీటర్లు తిరిగినవానికే గిట్టును. 50 నుండి 45కు దిగినది, అంతే.

బ్యాటరీ పద్దు

టయోటా, మారుతీ కంపెనీలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందు వచ్చిన అంతవఱకు వారంటీ నిచ్చుచున్నవి. ఇది మంచి పూచీయే. కాని "ఏది ముందు వచ్చిన" అను మాటను గమనింపుడు. ఏడాదికి 24,000 కిలోమీటర్లు తిరుగు మన మూడవ రైతునకు ఆ పూచీ 6 సంవత్సరముల 8 నెలలకే ముగియును. ఎవనికి కారు లాభకరమో వానికే పూచీ ముందుగా తీరుచున్నది. ఆ పిదప బ్యాటరీ మార్చవలసి వచ్చి లక్ష రూపాయలైనదనుకొందము. వాని 1,00,840 రూపాయల లాభములో మిగులునది 840 రూపాయలు.

బ్యాటరీ తప్పక చెడునని మా భావము కాదు. పూచీ కాలము దాటి చక్కగా పనిచేయునవి లోకమున చాల గలవు. కాని రైతు వాన రాదేమో యని కూడ తలచియే విత్తు వేయును. ఇదియు నట్లే తలచవలెను. కొనుటకు ముందే బ్యాటరీ వెలను, మార్చు కూలితో సహా, కంపెనీ ఏజెంటుచేత వ్రాయించుకొనుడు. ఎనిమిదేండ్ల తరువాత ఆ బండిని కొనదలచినవాడు ముందుగా అడుగునది కూడ ఆ బ్యాటరీ సంగతియే.

నిలుచున్న బండియు మేత మేయును

ఇంతవఱకు హైబ్రిడ్‌కు, మామూలు కారునకు గల తేడాను చూచితిమి. ఇప్పుడు అసలు విషయము. మామూలు కారే 15 లక్షలకు కొని, ఎనిమిదేండ్లు వాడి 5 లక్షలకు అమ్మితిమనుకొందము. 10 లక్షలు అరిగిపోయినవి, ఏడాదికి 1,25,000. బీమా, సర్వీసు, టైర్లకు ఏడాదికి 45,000. మొదటి రైతువలె 6,000 కిలోమీటర్లు తిరిగిన పెట్రోలుకు 42,800. మొత్తము 2,12,800. కిలోమీటరుకు 35 రూపాయలు దాటినది. ఇందులో అప్పు వడ్డీ చేర్చనేలేదు.

ఈ మొత్తములో పెట్రోలు అయిదింట నొక వంతు మాత్రమే. మిగిలిన నాలుగు వంతులు కారు కదలినను కదలకున్నను పోవునవి. పనిలేక కొట్టములో కట్టివేసిన ఎద్దు కూడ మేత మేయును; వాకిట నిలిపిన కారు కూడ రోజుకు 465 రూపాయలు మేయుచున్నది. ఇట్టివాడు పెట్రోలు మిగుల్చుకొనుటకై రెండున్నర లక్షలు అదనముగా పెట్టుట, చెఱువు కట్టకు గండి పడియుండగా కాలువలో చిల్లు పూడ్చినట్లుండును. వానికి మేలు చేయునది హెచ్చు మైలేజి కాదు. తక్కువ వెలగల చిన్న కారు, లేక మంచి స్థితిలో నున్న పాత కారు, లేక పని పడినప్పుడు అద్దె కారు. తమ ఊరిలో అద్దె కారు కిలోమీటరుకు ఎంత యడుగుచున్నారో ఆ 35 రూపాయల పక్కన వ్రాసి చూచుకొనుడు.

ఏడాదికి 24,000 కిలోమీటర్లు తిరుగువానికి సంగతి వేరు. సర్వీసు, టైర్లు, బీమాకు 60,000 వేసినను మొత్తము 3,56,200. కిలోమీటరుకు 15 రూపాయలకు లోపు. అందులో పెట్రోలు ఇంచుమించు సగము. సగము ఖర్చు ఎక్కడ నున్నదో అక్కడ పొదుపు వెదకుట తెలివి. హైబ్రిడ్ అట్టివాని బండి.

పన్నులు, కరెంటు కార్లు

పత్రికలలో పన్ను మినహాయింపుల వార్తలు చదివి కొందరు పొరబడుచున్నారు. 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషను పన్ను మాఫీ చేసినది ఉత్తరప్రదేశ ప్రభుత్వము. మన తెలంగాణలో 2024 నవంబరులో ప్రకటించి, 2026 డిసెంబరు 31 వఱకు అని గడువు పెట్టిన మినహాయింపు పూర్తిగా కరెంటుతో నడచు బండ్లకే గాని హైబ్రిడ్లకు కాదు. జీఎస్టీ విషయమున కూడ, 2025 సెప్టెంబరు 22కు ముందు ఇట్టి పెద్ద హైబ్రిడ్లకు సెస్సుతో కలిపి 43 శాతముండగా, ఆ దినమునుండి 40 శాతమైనది. కరెంటు కార్లకు 5 శాతమే నిలిచినది.

ఇంటివద్ద చార్జింగు వసతి యుండి, దినదినము ఒకే దారిలో తిరుగువారు కరెంటు కారు లెక్క కూడ ఇట్లే కట్టి చూచుకొనవచ్చును. అయితే సేద్యపు మోటారునకిచ్చిన ఉచిత కరెంటుతో కారు చార్జి చేయవలెనను నాశ వలదు. ఇచ్చిన పనికి గాక వేఱు పనికి కరెంటు వాడుట 2003 విద్యుత్తు చట్టము ప్రకారము అనధికార వాడకము. జరిమానాతో కూడిన బిల్లు వచ్చును.

మన నేలకు తగిన జాగ్రత్తలు

హైబ్రిడ్ కొన్నవారు నాలుగు సంగతులు మఱువరాదు.

ఒకటి, దుమ్ము. పలు హైబ్రిడ్ కార్లలో బ్యాటరీ చల్లబడుటకు వెనుక సీటు దగ్గర గాలి పీల్చు జాలి యుండును. మన మట్టి బాటల దుమ్ము, పత్తి నూగు దానిలో చేరిన బ్యాటరీ వేడెక్కును. సర్వీసులో దానిని శుభ్రము చేయించవలెను. దానికి అడ్డముగా మూటలు పెట్టరాదు.

రెండు, నిలువ. బండిని వారములకొలది కదల్చకున్నచో చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి కారు మేలుకొనదు. వారమునకొకసారియైన నడుపవలెను.

మూడు, నీరు. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి గ్రామము నీట మునిగినది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా కేసముద్రము, ఇంటికన్నె మధ్య రైలు కట్టయే కొట్టుకొనిపోయినది. పారుచున్న వాగులోనికి ఏ బండిని దింపరాదు. ప్రాణమునకు మించిన లెక్క లేదు. ఇంజనులోనికి నీరు పోయిన నష్టమును మామూలు బీమా భరింపదు. దానికి ఇంజను రక్షణ యను అదనపు బీమా వేఱుగా తీసికొనవలెను. నీట మునిగిన హైబ్రిడ్‌ను స్టార్టు చేయక, కంపెనీ మెకానిక్కును పిలువవలెను. నారింజరంగు తీగలలో ఎక్కువ వోల్టుల కరెంటు ప్రవహించును. వానిని రోడ్డుపక్క మెకానిక్కుచేత ముట్టించరాదు.

నాలుగు, సామాను చోటు. గ్రాండ్ విటారాలో మైల్డ్ రకమునకు వెనుక డిక్కీ 373 లీటర్లుండగా, స్ట్రాంగ్ రకమునకు బ్యాటరీ చోటు పోగా 265 లీటర్లే. ఎరువుల మందుల డబ్బాలు, ఊరినుండి బిడ్డకు పంపు బియ్యపు సంచి ఎక్కడ పట్టునో కొనకముందే చూచుకొనవలెను.

అప్పు సంగతి

ఈ వ్యాసములో అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇదియే. 12 లక్షలు 9 శాతమునకు అయిదేండ్లకు తెచ్చిన నెలకు 24,910 రూపాయలు కట్టవలెను. నెల జీతగానికి నెలనెల సొమ్ము వచ్చును. రైతునకు వానాకాలపు పంట సొమ్ము ఒకసారి, యాసంగి సొమ్ము ఒకసారి; అదియు ధర యున్నచో. మిర్చి ధర పడిపోయిన యేటను కారు వాయిదా పడిపోదు. అప్పుడు జరుగునది మన మందఱ మెఱిగినదే: పంట ఋణము తెచ్చి కారు వాయిదా కట్టుట, విత్తనమునకు వడ్డీ వ్యాపారి గడప తొక్కుట.

3 లక్షల వఱకు పంట ఋణము 7 శాతమునకు, గడువులో కట్టినవారికి 4 శాతమునకు వచ్చునది విత్తుకొఱకు, ఎరువుకొఱకు. దానిని కారునకు మరల్చినవాడు గడువు తప్పును. తప్పినవానికి తక్కువ వడ్డీ పోవును. మరుసటి యేటి ఋణమునకును ఆటంకము కలుగును. 1904లో ఈ దేశమున సహకార ఋణ సంఘముల చట్టము పుట్టినది రైతును అప్పుల యూబినుండి తీయుటకే. అప్పు చేసి పప్పుకూడు తినవలదని మన పెద్దలు చెప్పినది వట్టి సామెత కాదు.

వాయిదా కట్టుటకు సేద్యముగాక నెలనెల వచ్చు రాబడి, అనగా పాలసొమ్మో, దుకాణమో, కొడుకు జీతమో, ఇంట నున్నవాడు మాత్రమే కారు అప్పు తలపెట్టవలెను. అట్టి రాబడి లేనివాడు పంట సొమ్ము చేరిన నాడు, చేతిలో నున్నంతలో, పాత కారునో చిన్న కారునో కొనుట మేలు.

కలిసి ఆలోచించుడు

ఒక్కొక్కని తిరుగుడు తక్కువైనప్పుడు, పదిమంది అవసరము కలిసిన ఒక బండికి చాలినంత పని దొరకును. ట్రాక్టరు, కోతయంత్రము విషయమున మనకిది అనుభవమే. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగు నలుగురి యవసరము ఒక చోట చేర్చిన 24,000 అగును. అప్పుడు హైబ్రిడ్ లెక్కయే సరిపోవును. అయితే తెల్ల బోర్డు కారును అద్దెకు త్రిప్పుట చట్టవిరుద్ధము. అద్దెకు పసుపు బోర్డు, పర్మిటు, తగిన బీమా కావలెను. సంఘము తరపున అట్టి బండి నొకదానిని పెట్టుటయా, ఊరిలోని అద్దె కారువానితో సభ్యులకు ఏడాది పొడుగున ఒకే ధరకు ఒప్పందము చేసికొనుటయా యనునది మహాసభలో చర్చింపదగినది. 1956లో ఆరంభమైన ముల్కనూరు సహకార సంఘము మన పక్కనే యున్నది. ఒక్కని వలన కానిది పదిమంది వలన అగునని చూపుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు.

కొనుటకు ముందు

కారు కొనదలచిన సభ్యుడు ఒక నోటు పుస్తకములో ఈ అంకెలను వ్రాసికొనవలెను.

1. మూడు నెలల పాటు ఇంటివారు చేసిన ప్రయాణములన్నియు వ్రాసి, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లో. ఉజ్జాయింపు వలదు, మనము తిరుగునది మనము తలచినదానికంటె తరచుగా తక్కువే యుండును.
2. రెండు కార్లకు రోడ్డుమీది వెలలు, వాని తేడా.
3. ఆ తేడాపై అప్పు తీరువఱకు పడు వడ్డీ.
4. రెండింటికిని బీమా అంకెలు.
5. బ్యాటరీ వెల, పూచీ షరతులు.
6. తమ దారులలో అట్టి బండ్లు నడుపుచున్నవారు చెప్పిన మైలేజి.

రెండు, మూడు, నాలుగు అంకెలవలన తేలిన అదనపు ఖర్చును, కిలోమీటరుకు మిగులు పైసలచే భాగింపుడు. వచ్చిన కిలోమీటర్లను ఎనిమిదిచే భాగించి మొదటి అంకెతో సరిచూడుడు. మీ తిరుగుడు హెచ్చైనచో, బ్యాటరీ వెలను కూడ ఒకసారి తీసివేసి చూచి, నిశ్చింతగా హైబ్రిడ్ కొనుడు; పెట్రోలు మిగులును, పొగ తగ్గును. తక్కువైనచో దుకాణములోని మెఱుపు చూచి మనసు పాఱవేసికొనకుడు.

ఈ లెక్క కట్టుటకు అరగంట చాలును. చదువు రాని సభ్యులు తమ పిల్లలచేత కట్టించుకొనవచ్చును. ఎద్దు పండ్లు లెక్కించిన చేతులకు ఇది కష్టము కాదు.